దిద్దిన చీటీ

2019 జూన్ మొదటి వారంలో నన్ను తెనాలి నుంచి గోదావరిఖనికి బదిలీ చేశారు. హోదా పేరు బాలల పరిచర్య ఏరియా సూపర్‌వైజర్. గోదావరిఖని, రామగుండం, శ్రీరాంపూర్ కాలనీల్లో మా మిషను నడిపే ఆదివారపు బడులను చూసుకోవడం, వాటిలో జీతం లేకుండా పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం, మూడు నెలలకొకసారి కరీంనగర్‌లో ఉండే కో-ఆర్డినేటర్ గారికి నివేదిక పంపడం నా పని. గోదావరిఖనిలో పెద్ద పిల్లల తరగతి మాత్రం నేనే తీసుకునేదాన్ని. స్థానిక సంఘపు పాస్టరు గారికి నా మీద అధికారం లేదు, నాకు ఆయన మీద లేదు. అయినా చోటు చాలక ఆయన గదిలోనే ఒక మూల నా బల్ల వేశారు. అప్పటికి నేను ఈ పనిలో ఇరవై ఆరేళ్లు గడిపాను. పిల్లల విషయంలో నాకు ఒకరు చెప్పేదేమీ లేదనుకునేదాన్ని.

పిల్లల పరిచర్య అంటే చప్పట్లు కొట్టి పాటలు పాడించడం, చివర్లో బిస్కట్లు పంచడం అని చాలామంది అనుకుంటారు. దానికీ ఒక పద్ధతి ఉంది. పిల్లలను వయసును బట్టి మూడు తరగతులు చేస్తాం. అక్షరాలు రాని పసివాళ్లను బిగినర్స్ అంటాం, ఆ తర్వాత ప్రైమరీ, తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వాళ్లు జూనియర్స్. అన్నిటికన్నా కష్టం జూనియర్స్‌తోనే. చిన్నవాళ్లు మనం చెప్పింది మరిచిపోతారు, ఇంకా పెద్దవాళ్లు నమ్మరు. జూనియర్స్ మరిచిపోరు, చెప్పింది చెప్పినట్టు నమ్ముతారు.

బడి వేళ కూడా ఊరిని బట్టి ఉంటుంది. గనుల ఊళ్లో ఆదివారం అందరికీ సెలవు కాదు. గనిని ఇక్కడ బాయి అంటారు, వారపు సెలవును ప్లే డే అంటారు. ఆ రోజు డ్యూటీ దొరికితే జీతం ఎక్కువ కనుక మగవాళ్లు వదులుకోరు. ఉదయం ఏడున్నరకు మేము బడి మొదలుపెట్టేసరికి ఫస్టు షిఫ్టు వాళ్లు గనిలో ఉంటారు, నైట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్లు ఇంట్లో నిద్రకు పడుకుంటారు. రెండు గదుల క్వార్టర్లో పిల్లలు గోల చేస్తే ఆ నిద్ర చెడుతుంది కనుక తల్లులే వాళ్లను మా దగ్గరికి తరిమేవారు. మా హాజరు బాగుండడానికి నా బోధన ఎంత కారణమో ఆ నిద్ర కూడా అంతే కారణం. నివేదికల్లో మాత్రం ఆ సంగతి ఎప్పుడూ రాయలేదు.

నేను వెళ్లిన నెలకే జూనియర్స్ తరగతిలో ప్రార్థన చీటీల పెట్టె పెట్టించాను. తెనాలిలో పదేళ్లు నడిపిన పద్ధతే. ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ వారానికి ఒక చీటీ రాసి పెట్టెలో వేయాలి. శనివారం నేను పెట్టె తెరిచి చీటీలను రిజిస్టరులో ఎక్కిస్తాను. పేరు, విన్నపం, తేదీ, జవాబు అని నాలుగు గడులు. జవాబు గడిలో రెండే మాటలు రాస్తాం. అడిగింది జరిగితే 'వచ్చింది' అని, జరగకపోతే 'కనిపెట్టుచున్నాము' అని. కనిపెట్టడమంటే మా వాళ్ల భాషలో దేవుని కోసం ఎదురుచూడడం. ఎవరి గడిలో 'వచ్చింది' అని పడితే ఆ పిల్ల మరుసటి ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం మూడు వాక్యాలే. ఏమి అడిగాను, ఏమి జరిగింది, వందనాలు.

చీటీ ఎలా రాయాలో కూడా నేర్పాను. 'మమ్మల్ని దీవించు' లాంటి చీటీలు తిప్పి ఇచ్చేదాన్ని. ఏమి కావాలో తిన్నగా రాయాలి, దేవుడి దగ్గర డొంకతిరుగుడు మాటలు అక్కర్లేదు అని ప్రతి ఆదివారం చెప్పేదాన్ని. పిల్లలు త్వరగానే పట్టుకున్నారు. లెక్కల పరీక్ష పాస్ కావాలని, అక్కకు జ్వరం తగ్గాలని, నైట్ షిఫ్టు నుంచి నాన్న మంచిగా ఇంటికి రావాలని రాసేవారు.

సెప్టెంబరు చివరి శనివారం పెట్టె తెరిచినప్పుడు బ్లెస్సీ చీటీ వచ్చింది. బ్లెస్సీకి పదకొండేళ్లు, ఆరో తరగతి. వాళ్ల నాన్న మల్లయ్య భూగర్భ గనిలో సపోర్ట్‌మన్. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద స్తంభాలు నిలబెట్టే పని. సంఘం పుస్తకంలో ఆయన పేరు యోహాను, కంపెనీ మస్టరులో మాత్రం మల్లయ్యే. కొడుకు ప్రవీణ్ పుట్టిన పదమూడేళ్లకు, ఇక పిల్లలు లేరనుకున్నాక పుట్టిన కూతురు బ్లెస్సీ. ఆ చీటీలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: 'వచ్చే నెల బోర్డు ఉంది. మా డాడీ అన్‌ఫిట్ కావాలె.'

బోర్డు అంటే కంపెనీ వైద్యులు కూర్చుని కార్మికుల ఆరోగ్యం పరీక్షించేది అని మాత్రం నాకు తెలుసు. ఆ పరీక్షలో అన్‌ఫిట్ అయితే ఉద్యోగం పోతుంది. ఏ పిల్ల అయినా తండ్రి ఉద్యోగం పోవాలని అడుగుతుందా? తొందరలో పిల్ల మాట తారుమారు చేసిందనుకున్నాను. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. 'కావాలె' కొట్టేసి పైన 'కాకూడదు' అని రాశాను. 'కావాలి' అనక 'కావాలె' అనడం కూడా తప్పేనని నాకప్పుడు అనిపించిందని ఒప్పుకోవాలి. దిద్దిన వాక్యాన్నే రిజిస్టరులో ఎక్కించాను.

మర్నాడు తరగతిలో విన్నపాలు చదువుతూ బ్లెస్సీది చదివాను. ఆమె లేచి నిలబడింది. "టీచర్, గట్ల కాదు" అంది.

తప్పు రాయడం తప్పు కాదు, దిద్దితే ఒప్పుకోవాలి, కూర్చో అన్నాను. బ్లెస్సీ కొంచెంసేపు నిలబడే ఉంది. మిగిలిన పిల్లల వైపు చూసింది. పద్నాలుగు మంది జూనియర్స్‌లో పది మందికి పైగా గని కార్మికుల పిల్లలే. అందరూ చాపల వైపు చూస్తున్నారు. వెనక వరుసలో ఒకరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వు బ్లెస్సీ తప్పును చూసి అనుకున్నాను. ప్రార్థన చేద్దాం, కళ్లు మూసుకోండి అన్నాను. అందరూ మూసుకున్నారు, బ్లెస్సీ కూడా మూసుకుంది. తండ్రి ఆరోగ్యం కోసం, ఆయన అన్‌ఫిట్ కాకుండా ఉండడం కోసం నేను గట్టిగా, వివరంగా ప్రార్థించాను. అందరూ ఆమేన్ అన్నారు. బోర్డు అయ్యేవరకు ప్రతి ఆదివారం ఈ విన్నపాన్ని చేద్దామని, ఇంటి దగ్గర రోజూ పొద్దున చేసుకొమ్మని కూడా చెప్పాను.

మూడో ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. ఆయన పేరు దేవదానం. ఈ ప్రాంతం మనిషి, తండ్రి గని కార్మికుడే. నా తరగతుల జోలికి ఎప్పుడూ రాని మనిషి. మల్లయ్య భార్య లక్ష్మి తన దగ్గరికి వచ్చి వెళ్లిందని చెప్పి, ఇలా అన్నారు.

"అమ్మా, మీరు కొత్తగ వచ్చిండ్రు. ఈడ అన్‌ఫిట్ అంటే బీమారి కాదు. కొడుకు నౌకరి."

తర్వాత నెమ్మదిగా వివరించారు. బోర్డు ఒక కార్మికుణ్ణి పనికి అన్‌ఫిట్ అని తేలిస్తే అతను ఉద్యోగం నుంచి దిగిపోతాడు, ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. కాని సర్వీసు ఇంకా కొంతకాలం మిగిలి ఉండాలి. మల్లయ్యకు ఆ గడువు ఈ బోర్డుతో అయిపోతుంది. ప్రవీణ్ ఐటీఐ చదివి నాలుగేళ్లుగా ఈ ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాడు. అతనికి కుదిరిన సంబంధం కూడా ఆ ఉద్యోగం మీదే ఆగి ఉంది.

సంఘంలో పెద్దవాళ్లు ఈ విన్నపాన్ని ఎలా చేస్తారో కూడా అప్పుడే చెప్పారు. అన్‌ఫిట్ అన్న మాట గుడిలో ఎవరూ పలకరు. 'బోర్డుకు పోతున్నం, ప్రార్థనల యాది పెట్టుకోండ్రి' అంటారు. ఆయన 'ప్రభువా, నీ చిత్తం' అని ప్రార్థించి ఆపేస్తారు. అడిగినవాళ్లకూ తెలుసు, చేసినవాళ్లకూ తెలుసు. ఏళ్ల తరబడి అలా నడుస్తోంది. ఆ మాటను దాచకుండా రాసింది బ్లెస్సీ ఒక్కతే. తిన్నగా రాయమని చెప్పింది నేను.

నేను ఆ క్షణమే వెళ్లి ఆ పిల్లతో మాట్లాడాల్సింది. వెళ్లలేదు, నాకు కోపం వచ్చింది. తండ్రికి జబ్బు కావాలని దేవుణ్ణి అడగడం పిల్లలకు నేర్పమంటారా అని అడిగాను. "నేర్పుమంటలేనమ్మా. దిద్దకుంటే సాలంటున్న" అన్నారాయన. కనీసం తరగతిలో అందరితో చేయిస్తున్నది ఆపమన్నారు. బాలల విభాగం మీ కింద లేదండీ అన్నాను. నియమాల ప్రకారం ఆ మాట నిజమే. ఆయన తలుపు తీసుకుని వెళ్లిపోయారు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అప్పుడు దాన్ని సిద్ధాంతం అనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో సిద్ధాంతం సగమే. పద్నాలుగు మంది పిల్లల ముందు ఎర్ర పెన్నుతో దిద్దిన మాటను మళ్లీ వాళ్ల ముందే వెనక్కి తీసుకోవడానికి నాకు మనసు రాలేదు. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్నదాన్ని కదా. నాలుగో ఆదివారం కూడా అదే విన్నపం చదివాను. ఆ రోజు బ్లెస్సీ లేవలేదు.

అక్టోబరు నెలాఖరులో మల్లయ్య పెద్ద దవాఖానకు వెళ్లి రెండు రోజులుండి వచ్చాడు. ఎక్స్‌రేలు తీశారు, ఊపిరి పరీక్ష చేశారు, వంగమన్నారు, నడవమన్నారు. వారానికి ఫలితం వచ్చింది. ఫిట్. ఆ వైద్యులను నేను తప్పుపట్టను. వాళ్ల కొలతలు వాళ్లకుంటాయి, నాకు వైద్యం తెలియదు.

ఇంటి సందర్శన మా పనిలో భాగం కనుక మంగళవారం మధ్యాహ్నం వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. నన్ను చూసి ప్రవీణ్ వందనాలు చెప్పి, చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. లక్ష్మి కుర్చీ వేసి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. మల్లయ్య మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేవబోతే నడుము సహకరించలేదు. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ వేళయినట్టుంది, కిటికీ అద్దాలు ఒకసారి అదిరాయి. ఆరోగ్యం దేవుడిచ్చే వరమని, ఫలితం ఎలా వచ్చినా స్తుతించాలని నేను దారిలో కూడబలుక్కున్నది చెప్పాను. ఆయన ఓపికగా అంతా విన్నాడు.

"నేను బీమారి కావాలని అడుగుతలేను టీచరమ్మా," అన్నాడు. "బీమారి ఎప్పుడో అయింది. ముప్పై ఏండ్లు బాయిల చేస్తె నడుము పోయింది, దమ్ము పోయింది. పోయినయి పోయినయని రాయమన్న, గంతే."

తండ్రికి జబ్బు రావాలని ఆ పిల్ల కోరుతోందని పాస్టరు గారి ముందు అంత కోపం తెచ్చుకున్నాను. రోజూ ఆ మనిషి దగ్గు వింటూ పెరిగిన పిల్ల ఉన్న సంగతిని ఉన్నట్టు రాయమని దేవుణ్ణి అడిగింది. నేను దిద్దింది తప్పును కాదు. లక్ష్మి చాయ్ గ్లాసు చేతికిస్తూ, "పిల్ల దినాం పొద్దుగాల లేసి మోకాళ్లేసింది టీచరమ్మ. ఏమని చేస్తున్నవే అంటె చెప్పలే" అంది. నన్ను నిలదీయడానికి అన్న మాట కాదది. కూతురి గురించి గొప్పగానే చెప్పింది. ఆ చాయ్ ఎలా తాగానో నాకు గుర్తు లేదు.

నవంబరు రెండో ఆదివారం కో-ఆర్డినేటర్ గారు తనిఖీకి వచ్చారు. తనిఖీలో చీటీలను రిజిస్టరుతో సరిచూస్తారు, జవాబు గడులు ఖాళీ లేకుండా ఉన్నాయా అని చూస్తారు. బ్లెస్సీ గడి ఖాళీగా ఉంది. ఏమైందని అడిగారు. ఫిట్ అని వచ్చిందన్నాను. మరి ఎందుకు రాయలేదు అని, తన పెన్నుతో 'వచ్చింది' అని రాశారు. ఆయన దృష్టిలో తప్పేమీ లేదు. దిద్దిన చీటీలోనూ రిజిస్టరులోనూ విన్నపం 'అన్‌ఫిట్ కాకూడదు' అనే ఉంది. అప్పుడైనా ఆపి, ఇది నేను మార్చిన విన్నపం అని చెప్పవచ్చు. పక్కనే నిలబడి ఉన్నాను, చెప్పలేదు. ఆయన బ్లెస్సీని పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు.

బ్లెస్సీ లేచి చేతులు కట్టుకుని నిలబడింది. నేను నేర్పినట్టే మూడు వాక్యాల్లో చెప్పింది. "మా డాడీ అన్‌ఫిట్ కాకూడదు అని అడిగిన. కాలేదు. వందనాలు."

'కాకూడదు' అన్న నా మాటను అచ్చు నా మాటలాగే పలికింది. పిల్లలు అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టారు. కో-ఆర్డినేటర్ గారు ఆమె తల మీద చేయి పెట్టి దీవించారు.

ఆ నెల చాపలు చుట్టి బీరువాలో పెట్టే వంతు బ్లెస్సీది. అందరూ వెళ్లాక కూడా ఆమె చాపలు చుడుతూ ఉంది. నేను వెళ్లి ఒక చాప అందుకున్నాను. క్షమించమని అడగాలనే వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆమె మాట్లాడింది. ఏడవలేదు, నా వైపు చూడనూ లేదు.

"క్లాసుల మీరు దిద్దింది చేసిన టీచర్. ఇంట్ల నేను రాసింది చేసిన," అంది. చాప చివర మడత సరిచేసి, "మీరు పెద్దోళ్లు గద. మీదే విన్నడు" అంది.

జవాబు కోసం చాలా వెతుక్కున్నాను. అవును, నాదే విన్నాడు అంటే ఆ దేవుడు పెద్దవాళ్ల మాట విని పిల్లల మాట తోసేసేవాడు అవుతాడు. కాదు, నీదే విని వద్దన్నాడు అంటే ఇంకా ఘోరం. మన ప్రార్థనకూ బోర్డుకూ సంబంధం లేదమ్మా అంటే, ఆ పెట్టె ఎందుకు, రిజిస్టరు ఎందుకు, ఇన్నాళ్లు నేను చెప్పిందంతా ఎందుకు? మా శిక్షణలో పిల్లల ప్రశ్నలకు జవాబులు అని ఒక పెద్ద అధ్యాయమే ఉండేది, దాన్ని నేను ఎంతోమందికి నేర్పాను. చివరికి నేను అన్నది, ఇంటికి వెళ్లమ్మా, అమ్మ చూస్తుంటుంది అని. తలూపి వెళ్లిపోయింది. క్షమాపణ అడగనే లేదు. ఆ తర్వాత అడగాలనుకున్న ప్రతిసారీ ఆలస్యమైందనే సాకు దొరికింది.

ఆ సాక్ష్యం కో-ఆర్డినేటర్ గారి నివేదికలోకి వెళ్లి, అక్కడి నుంచి మా మిషను మాసపత్రికలో పడింది. గనుల ఊళ్లో ఒక చిన్నారి ప్రార్థనకు తండ్రి ఆరోగ్యం దక్కిందని రాశారు. అచ్చుకు ముందు సరిచూడమని ఆ పేరా నాకే పంపారు. ఒక్క అక్షరం కూడా దిద్దకుండా తిప్పి పంపాను.

మల్లయ్య మళ్లీ బాయి దిగాడు. ప్రవీణ్‌కు కుదిరిన సంబంధం తప్పిపోయింది. కొన్నాళ్లు ఒక కాంట్రాక్టరు దగ్గర లారీ తోలి, తర్వాత ఆ పని కూడా మానేసి ఇంటిపట్టునే ఉండిపోయాడు. ఆ ఇంటికి ఉద్యోగం రావడానికి ఇంకొక్క దారి మిగిలింది. అది మల్లయ్య సర్వీసులో ఉండగా చనిపోవడం. కాలనీలో ఆ నియమం తెలియని పిల్లలు ఉండరు. ఆ తర్వాత బ్లెస్సీ ప్రతి వారం పెట్టెలో ఖాళీ చీటీ వేసేది. చీటీ వేయడం తప్పనిసరి అన్నది నా నియమమే కనుక నాలుగు మడతలు పెట్టి, పేరు మాత్రం రాసి వేసేది. రాస్తే నేను దిద్దుతానని భయపడిందో, రాసేందుకు మిగిలిన మాటకు భయపడిందో నాకు తెలియదు. ఆ ఖాళీ చీటీలన్నీ పేరు కింద గీత పెట్టి రిజిస్టరులో ఎక్కించాను. మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. తిరిగి తెరిచాక ఆమె రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్లాను. రెండుసార్లూ లక్ష్మి మర్యాదగా కుర్చీ వేసింది, బ్లెస్సీ చదువుకుంటోందని చెప్పింది.

మల్లయ్య సర్వీసంతా పూర్తి చేసి దిగిపోయాడు. 2023లో నేను ఉద్యోగ విరమణ చేసే నాటికి ఆయన మంచం మీదే ఉండేవాడు. పక్కన ఆక్సిజన్ సిలిండరు ఉండేది. వీడ్కోలు చెప్పడానికి వెళితే నన్ను గుర్తుపట్టి చెయ్యి ఎత్తాడు. బ్లెస్సీ గుమ్మంలో నిలబడి వందనాలు టీచర్ అంది. పదిహేనేళ్ల పిల్ల, నన్ను మించి పొడుగైంది. మా ఇద్దరి మధ్యా ఇంకో మాట జరగలేదు.

ఉపాధ్యాయుల శిక్షణలో నేను ఆఖరి మూడేళ్లు కొత్తగా ఒక నియమం చేర్చాను. పిల్లల చీటీలో అక్షర దోషం ఉన్నా సరే దిద్దకూడదు, అర్థం కాకపోతే రాసిన పిల్లనే అడగాలి. ఎందుకని కొందరు అడిగేవారు. పద్ధతి అది అని చెప్పేదాన్ని. ఒక ఊళ్లో జనం ఏ మాటతో ఏమి అడుగుతున్నారో తెలియకుండా వాళ్ల తరఫున దేవుడితో మాట్లాడకూడదని, తెలిశాక పరువు చూసుకోకూడదని ఈ సంఘటన వల్ల నేర్చుకున్నాను. ఆ తర్వాత నేను ఇంకాస్త మెరుగైన సూపర్‌వైజర్‌నే అయ్యాను. దానివల్ల బ్లెస్సీకి ఒరిగింది ఏమీ లేదు.